నీళ్లు ఇక్కడివి, పరీక్ష అక్కడా?

నా పని మంచినీటి ప్లాంట్లు బిగించడం, చెడిపోతే బాగుచేయడం. గుంటూరు ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉంది. ఇంతకాలం ఇక్కడ బోరు నీళ్ల గురించి, మెంబ్రేన్లు కడగడం గురించి, మోటార్లకు గాలి పట్టడం గురించి రాస్తూ వచ్చాను. ఈసారి అంతరిక్ష కేంద్రం గురించి రాస్తున్నాను. దారి తప్పాననుకోకండి. నాకు ఈ రెండూ ఒకే చోట మొదలయ్యాయి. అది 2011 వేసవిలో, నరసరావుపేట దాటాక వచ్చే ఒక పల్లెలో.

ఆ ఊరి నుంచి వెళ్లి విదేశంలో స్థిరపడిన ఒకాయన తన తల్లి పేరు మీద ఊరికి మంచినీటి ప్లాంటు పెట్టించాలనుకున్నారు. గంటకు 500 లీటర్లు ఇచ్చే ప్లాంటు. నేను సొంతంగా ఒప్పుకున్న మొదటి పెద్ద పని అదే. షెడ్డులోనే మొత్తం బిగించి, కుళాయి నీళ్లు పెట్టి పది రోజులు నడిపించాను. ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, హైప్రెషర్ పంపు, నీళ్లలోని ఉప్పును ఆపే పొరల చుట్టలైన మెంబ్రేన్లు రెండు, ఎక్కడా వంక లేదు. ఒక్క జాయింటు కూడా కారలేదు. గంటకు 500 అన్నది 520 దాకా వచ్చింది. పూలదండలు కట్టిన ట్రాలీ మీద దాన్ని ఊరికి తీసుకెళ్లాం.

అయిదు వారాలకు ఫోను వచ్చింది. గంటకు 180 లీటర్లు కూడా రావడం లేదు. క్యాన్లు పట్టుకుని జనం వరుసలో నిలబడి ఉన్నారు. వెళ్లి మెంబ్రేను బయటికి లాగాను. నీళ్లు లోపలికి వెళ్లే వైపు బాగానే ఉంది. చివరి వైపు, అంటే ఉప్పు మిగిలిన రిజెక్టు నీరు బయటికి పోయే వైపు, వేలు పెడితే ఇసుక కాగితంలా గరగరలాడింది. ఒక మెంబ్రేను పాడైతే అయిందని హాక్సా బ్లేడుతో నిలువునా కోసి చూశాను. చుట్టలు విప్పుతుంటే పొరల మధ్య నుంచి తెల్లటి గార పెళుసుగా రాలి నా లుంగీ మీద పడింది. మొదట్లో తక్కువ, చివరికి వచ్చేసరికి దట్టం. నీరు ముందుకు పోయేకొద్దీ చిక్కబడుతుంది, లవణాలు ఇక కరిగి ఉండలేక పొర మీద కూర్చుంటాయి. మా వృత్తిలో ఇది అందరికీ తెలిసిన సంగతే. నాకూ తెలుసు. కానీ షెడ్డులో నేను పెట్టింది కృష్ణ నీళ్లు, టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, మూడు వందల లోపు. ఆ ఊరి బోరు నీళ్లు రెండు వేలకు పైన. నా ప్లాంటు పది రోజుల పరీక్ష నెగ్గింది. అయితే అది దాని పరీక్ష కాదు.

వరుసలో ఉన్న ఒక పెద్దావిడ నేను చెప్పిందంతా ఓపికగా విని, "నాయనా, నీళ్లు ఇక్కడివి, పరీక్ష అక్కడా?" అని అడిగింది. కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ తరువాత రెండు పనులు చేశాను. ఆ ఊళ్లో రిజెక్టు వాల్వు ఎక్కువగా తెరిచి, తీసే మంచినీటి శాతాన్ని తగ్గించాను. గార పట్టకుండా కలిపే మందును మార్చాను. ఇక షెడ్డుకు వచ్చాక ఒక పిల్ల ప్లాంటు తయారుచేశాను. ఇంట్లో వాడే చిన్న మెంబ్రేను, చిన్న పంపు, రెండు గేజీలు, ఒక మీటరు, అన్నీ కలిపి ఇనుప చట్రంలో బిగించిన పెట్టె. ఆటోలో పడుతుంది. ఇప్పుడు ఏ ఊళ్లో పని ఒప్పుకున్నా ముందు దాన్ని ఆ ఊరి బోరుకు తగిలించి పద్నాలుగు రోజులు వదిలేస్తాను. పునాది తవ్వక ముందే, పెద్ద సామాను కొనక ముందే.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో జరిగిన ఒక సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. నా ప్లాంటు కథే అది, నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తులో.

2008 నవంబరులో ఎండీవర్ షటిల్ ఆ కేంద్రానికి నీటి శుద్ధి యంత్రాలను తీసుకెళ్లింది. మూత్రాన్ని, గాలిలోని తేమను పట్టి తిరిగి తాగే నీరుగా మార్చే యంత్రాలు. అప్పటివరకు అక్కడ ముగ్గురే ఉండేవారు. ఆరుగురు ఉండాలంటే ఆ యంత్రాలు పని చేసి తీరాలి. తాగడానికి, వంటకు, శుభ్రతకు కలిపి ఒక్కొక్కరికి రోజుకు నాలుగు లీటర్ల దాకా కావాలి. ప్రతి లీటరూ కింది నుంచి రాకెట్టులో మోసుకెళ్లాలంటే ఎంత భారం! మూత్రంలో నుంచి 85 శాతం నీటిని వెనక్కి తీయాలన్నది వాళ్ల లెక్క. భూమి మీద పరీక్షల్లో ఆ లెక్క కుదిరింది. పైకి వెళ్లాక, మరుసటి ఏడాదికల్లా స్వేదనం చేసే భాగం మొరాయించింది. కారణం కాల్షియం సల్ఫేటు. మన రైతులు చౌడు నేలకు, వేరుశనగ చేలకు వేసే జిప్సం ఉంది కదా, అదే. గార!

మరి భూమి మీద ఎందుకు పట్టలేదు? అక్కడే అసలు సంగతి. భారం లేని చోట మనిషి ఎముకలకు పని ఉండదు. తుంటి లాంటి చోట్ల నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం దాకా ఎముక కరుగుతుంది. కరిగిన కాల్షియం మూత్రంలోకి వస్తుంది. కింద పరీక్షలకు వాడింది భూమి మీద నడిచే మనుషుల మూత్రం, అందులో అంత కాల్షియం లేదు. మూత్రం పాడవకుండా కలిపేది సల్ఫ్యూరిక్ ఆమ్లం, దాంట్లో సల్ఫేటు సిద్ధంగా ఉంది. కాల్షియం పైనే ఎదురైంది. రెండూ కలిశాయి, నీరు చిక్కబడేకొద్దీ గార కూర్చుంది. యంత్రం తప్పు లేదు. పనివాళ్ల తప్పూ లేదు. ఆ నీళ్లు అక్కడివి, పరీక్ష ఇక్కడ జరిగింది.

తరువాత నాసా వాళ్లు ఏం చేశారో చూడండి. ముందు, తీసే నీటి శాతాన్ని డెబ్బై ప్రాంతానికి తగ్గించారు. ఆ తరువాత కొన్నేళ్లకు ఆమ్లాన్ని మార్చి సల్ఫ్యూరిక్ బదులు ఫాస్ఫారిక్ పెట్టారు. నేను నరసరావుపేట అవతల చేసినవీ ఈ రెండే. పెద్ద చదువులు చదివిన ఆ ఇంజనీర్ల పక్కన నన్ను నేను నిలబెట్టుకోవడం లేదు. గార ఎవరికైనా గారే, దాని ముందు అందరం అదే వరుసలో చేస్తాం. చివరికి 2023లో ఆ కేంద్రం మొత్తం మీద 98 శాతం నీటిని తిరిగి వాడుకోగలిగామని నాసా ప్రకటించింది. పెట్టిన పదిహేనేళ్లకు. ఆ 98 అంకె చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం నా వృత్తిలో ఉన్నవాళ్లకే అర్థమవుతుంది. మా ప్లాంట్లలో 60 శాతం తీస్తేనే గొప్ప.

మా మేనకోడలు విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు షెడ్డుకు వచ్చి నా పక్కన కూర్చుంటుంది. ఒకరోజు, "మామయ్యా, పైన పెట్టే యంత్రాన్ని ఇక్కడే అన్ని రకాలుగా పరీక్షించలేమా? కాల్షియం కావాలంటే కొలిచి కలపవచ్చు కదా" అని అడిగింది. మంచి ప్రశ్న. బల్ల మీద పారదర్శకమైన ఫిల్టరు గిన్నె ఒకటి ఉంది. దాన్ని నీళ్లతో నింపి, గోలీ అంత గాలి వదిలి, మూత బిగించి ఆమె చేతికి ఇచ్చాను. "ఈ బుడగను నీళ్ల మధ్యలో నిలబెట్టు చూద్దాం" అన్నాను.

అడ్డంగా పట్టుకుంది, బుడగ పైకి పోయింది. తలకిందులు చేసింది, గోడ వెంట జారుకుంటూ మళ్లీ పైకే. గిర్రున తిప్పింది, ముక్కలై, ఆగగానే ఒక్కటై పైకి చేరింది. అయిదు నిమిషాలు ప్రయత్నించి గిన్నె బల్ల మీద పెట్టి, "భూమి లాగడాన్ని ఆపలేం" అంది.

అంతే. మా పనిలో సగం భూమే చేసి పెడుతుంది, మేము గమనించం. మట్టి అడుగుకు దిగుతుంది. గాలి పైకి చేరుతుంది. పంపుకు గాలి పడితే పైన ఉన్న స్క్రూ వదులు చేస్తాం, బుస్సుమని పోతుంది. అంతరిక్షంలో పైన అనేదే లేదు, ఏ స్క్రూ వదులు చేస్తారు? అందుకే అక్కడ మూత్రాన్ని మరిగించడానికి ఒక పీపాను గిరగిరా తిప్పుతారు. ద్రవం గోడకు అంటుకుంటే ఆవిరి మధ్యలో నుంచి తీస్తారు. విమానాన్ని పైకి ఎగరేసి కిందికి దింపుతూ భారరహిత స్థితి తెప్పించవచ్చు గానీ అది ఇరవై, ముప్పై సెకన్ల ముచ్చట. ముప్పై సెకన్లలో గార పట్టదు. ఎముక కరగదు. రబ్బరు వాషరు అలసిపోదు.

అందుకని నాకు స్కైలాబ్ కథ కంటే బీమ్ కథ ఎక్కువ ఇష్టం. స్కైలాబ్‌ను అమెరికా 1973 మే 14న ఒక్కసారిగా మొత్తం కేంద్రంగా పైకి పంపింది. నిమిషం దాటగానే ఎండను, చిన్న చిన్న ఉల్కలను కాచే పై కవచం గాలికి ఊడిపోయింది. పోతూ పోతూ ఒక సౌర ఫలకాన్ని తీసుకుపోయింది, రెండోదాన్ని ఇరికించింది. లోపల వేడి పెరిగిపోతుంటే, పదకొండు రోజులకు వెళ్లిన ముగ్గురు వ్యోమగాములు గొడుగు లాంటి ఎండ తెర విప్పి కేంద్రాన్ని కాపాడారు. వాళ్ల ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. కానీ ధైర్యం మీద ఆధారపడే పరిస్థితి రాకుండా చూసుకోవడమే కదా కట్టేవాడి బాధ్యత.

బీమ్ అనేది గాలి నింపితే ఉబ్బే గుడారం లాంటి గది. బిగెలో సంస్థ చేసింది. వాళ్లు దానికి ముందే, 2006లో జెనెసిస్-1, 2007లో జెనెసిస్-2 అనే చిన్న గదులను మనుషులు లేకుండా కక్ష్యలో పెట్టి చూసుకున్నారు. బీమ్‌ను 2016లో అంతర్జాతీయ కేంద్రానికి తగిలించారు. మే 26న గాలి నింపబోతే అది సరిగా ఉబ్బలేదు. ఎక్కువ కాలం మడిచి ఉంచిన పొరలు మడతల్లోనే బిగుసుకుపోయాయి. బీరువాలో ఏళ్ల తరబడి ఉన్న పట్టుచీర మడత విప్పితే ఎలా మొండికేస్తుందో మీకు తెలుసు. తరువాత గాలి తీసేసి పొరలను సడలనిచ్చారు. మే 28న జెఫ్ విలియమ్స్ అనే వ్యోమగామి వాల్వును తెరుస్తూ మూస్తూ, 25 విడతలుగా, ఏడు గంటల పైన ఓపిక పట్టి గాలి వదిలారు. లోపలి పట్టీలు తెగుతూ మొక్కజొన్న పేలాలు వేగుతున్నట్టు చప్పుడు చేశాయట. ఇందులో నాకు నచ్చింది ఒకటే. ఆ గది మీద ఎవరి ప్రాణమూ ఆధారపడి లేదు. పక్కన కేంద్రం ఉంది, తలుపు ఉంది. విఫలమైనా మూసి వెనక్కి రావచ్చు. మొండికేసే పనేదో అక్కడే మొండికేయనివ్వాలి.

చైనా వాళ్లు కూడా అలాగే మెట్లెక్కారు. 2011లో ఎనిమిదిన్నర టన్నుల తియాన్‌గాంగ్-1, 2016లో తియాన్‌గాంగ్-2. అసలు కేంద్రానికి మొదటి భాగమైన తియాన్‌హె 2021లో గానీ వెళ్లలేదు. 2011 నవంబరులో మనుషులు లేని షెన్‌జౌ-8ను తియాన్‌గాంగ్-1కు అనుసంధానం చేసి, పది రోజులు దాటాక విడదీసి మళ్లీ కలిపారు. మొదటిది చీకట్లో, రెండోది ఎండలో. ఎండ పడితే కెమెరా కళ్లు చెదురుతాయా లేదా అన్నది చూసుకోవడానికి. ఎంత శ్రద్ధ!

ఇక మన సంగతి. 2024 డిసెంబరు 30 రాత్రి శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ60 రాకెట్టు మీద స్పేడెక్స్ వెళ్లింది. 220 కిలోల చొప్పున రెండు ఉపగ్రహాలు. ఒకటి వెతుక్కుంటూ వెళ్లి రెండోదానికి అతుక్కోవాలి. సంక్రాంతి పనుల మధ్య నేను రోజూ ఆ వార్తల కోసమే చూశాను. జనవరి 7న కలపాలనుకున్నారు, ఆపారు. 9 అన్నారు. 8న దగ్గరకు జరుపుతుంటే ఉపగ్రహాలు అనుకున్నదానికంటే ఎక్కువ దూరం జరిగాయి, మళ్లీ ఆపారు. మా షెడ్డు పక్కన టీ కొట్టు దగ్గర కొందరు పెదవి విరిచారు. నాకు మాత్రం ఆ ఆపడమే నచ్చింది. 12న పదిహేను మీటర్లకు, తరువాత మూడు మీటర్లకు తెచ్చి వెనక్కి జరిపారు. మూడు మీటర్లు అంటే మా షెడ్డు గేటు వెడల్పు. అంత దగ్గరకు వచ్చాక కూడా, ఇప్పుడు కాదు, ముందు లెక్కలు చూద్దాం అని వెనక్కి జరగడానికి ఎంత నిగ్రహం కావాలి! వాయిదా పడిందని వార్తల్లో వచ్చింది. వాల్వు ముందు నిలబడి పని చేసేవాడికి అది వాయిదా కాదు, రీడింగు.

జనవరి 16, ముక్కనుమ. మా అక్క ఇంట్లో అందరం ఉన్నాం. మేనకోడలు ఫోను పట్టుకుని మేడ మీదికి పరుగెత్తుకొచ్చి, "మామయ్యా, అతుక్కున్నాయట!" అంది. అమెరికా, రష్యా, చైనాల తరువాత మనం నాలుగో దేశం. అప్పటికే సగం తెగిన గాలిపటాలు వీధి తీగల మీద వేలాడుతున్నాయి. నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, అదేమీ దాచుకోను.

అతుక్కోవడంతో కథ అయిపోలేదు. మార్చి 13న వాటిని విడదీశారు. ఏప్రిల్ 20న మళ్లీ కలిపారు, ఈసారి పదిహేను మీటర్ల నుంచి చివరిదాకా ఎవరూ మధ్యలో ఆపకుండా వాటంతటవే. ఆ తరువాత ఒకదాని నుంచి మరోదానికి కరెంటు పంపి చూశారు. రెండోసారి కలిపిన వార్త పత్రికల్లో చిన్నదిగా వచ్చింది. నా లెక్కలో పెద్ద వార్త అదే. నట్టు ఒకసారి బిగిస్తే బిగిసిందని తెలుస్తుంది. విప్పి మళ్లీ బిగిస్తేనే మర బాగుందని తెలుస్తుంది.

అదే రాకెట్టు చివరి దశను ఇస్రో పారేయలేదు. పోయెమ్ అనే పేరుతో దాన్ని కక్ష్యలో తిరిగే బల్లలా వాడుకుంటుంది. ఉపగ్రహాన్ని దింపేశాక మిగిలిన ఆ దశ మీద పరికరాలు బిగించి పరీక్షలు చేస్తారు. సీ60 మీద వెళ్లిన పోయెమ్-4లో 24 పరికరాలు ఉన్నాయి. వాటిలో ఒక పెట్టెలో ఎనిమిది అలసంద గింజలు పెట్టారు. నాలుగు రోజులకు మొలకెత్తాయి, తరువాత ఆకులు కూడా వేశాయి. మా అమ్మకు ఫోటో చూపిస్తే కళ్లజోడు సవరించుకుని, "మొలక వంకరగా ఉంది, పైకి ఎటు పోవాలో దానికి తెలియడం లేదు పాపం" అంది. మేము ఫిల్టరు గిన్నెతో అయిదు నిమిషాలు కుస్తీ పట్టి తెలుసుకున్నది ఆమె ఒక్క చూపులో పట్టేసింది.

దానికి ఏడాది ముందు, 2024 జనవరి 1న వెళ్లిన పోయెమ్-3 మీద ఒక ఫ్యూయల్ సెల్‌ను పరీక్షించారు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపితే కరెంటు వస్తుంది, బయటికి వచ్చేది స్వచ్ఛమైన నీరు. కక్ష్యలో 180 వాట్లు ఇచ్చింది. 180 వాట్లంటే రెండు సీలింగ్ ఫ్యాన్లు, ఒక లైటు. చిన్నదే. కానీ మనుషులుండే కేంద్రానికి వెలుగునూ నీళ్లనూ కూడా ఇవ్వగల వస్తువు అది. దాన్ని 2035లో కాదు, 2024లోనే, పారేయాల్సిన రాకెట్టు ముక్క మీద పెట్టి చూసుకున్నారు. ఇదే మన పిల్ల ప్లాంటు. మొన్న 2025 నవంబరు 2న అమెరికాలో వాస్ట్ అనే సంస్థ చేసిందీ ఇలాంటిదే. హేవన్-1 అనే కేంద్రాన్ని పంపే ముందు, దాని కంప్యూటర్లు, ఇంజన్లు, దారి చూపే పరికరాలు పెట్టిన అరటన్ను హేవన్ డెమోను ముందుగా కక్ష్యకు పంపింది.

భారతీయ అంతరిక్ష కేంద్రానికి మొదటి మాడ్యూలు, అంటే మొదటి భాగం, 2028లో, మొత్తం అయిదు మాడ్యూళ్లు 2035 నాటికి అన్నది ప్రణాళిక. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం గగన్‌యాన్ కార్యక్రమాన్ని విస్తరించి, ఈ మొదటి మాడ్యూలును అందులో చేర్చింది. మొత్తం 20,193 కోట్ల రూపాయలు, 2028 డిసెంబరులోగా ఎనిమిది ప్రయోగాలు. మొదటి మాడ్యూలు బరువు పది టన్నులు.

ఇక్కడ నా పిల్ల ప్లాంటు గురించి ఒక నిజం చెప్పాలి. అది చెప్పని సంగతులు కూడా ఉంటాయి. సత్తెనపల్లి వైపు ఒక ఊళ్లో ఎండాకాలంలో పద్నాలుగు రోజులు పెట్టి, అంతా బాగుందని పెద్ద ప్లాంటు బిగించాను. వానలు పడ్డాక ఆ బోరులో ఇనుము పెరిగి ఇసుక ఫిల్టరు ఎర్రబడిపోయింది. పద్నాలుగు రోజులకు వానాకాలం ఏం తెలుస్తుంది? అలాగే 220 కిలోల ఉపగ్రహాలు నేర్పే పాఠం పది టన్నుల మాడ్యూలుకు పూర్తిగా సరిపోదు. ట్యాంకుల్లో ఇంధనం ఊగడం, పొడవాటి సౌర ఫలకాలు వణకడం చిన్నవాటిలో అంతగా కనబడవు. 2021 జులై 29న రష్యా వాళ్ల 'నౌకా' అనే పేరున్న మాడ్యూలు అంతర్జాతీయ కేంద్రానికి అతుక్కున్న కొన్ని గంటలకే దాని ఇంజన్లు వాటంతటవే మండి, ఆ కేంద్రం మొత్తాన్ని ఒకటిన్నర చుట్టు తిప్పేశాయి. లోపల ఏడుగురు ఉన్నారు. అతుక్కోవడమైతే జరిగింది. అతుక్కున్న తరువాత ఏమవుతుందన్నది వేరే పరీక్ష.

కాబట్టి నేను కోరుకునేది ఇది. మనుషులతో వెళ్లే గగన్‌యాన్ మొదటి ప్రయాణం మూడు రోజులది. మూడు రోజులకు నీళ్లు డబ్బాల్లో మోసుకెళ్లవచ్చు, గార సమస్యే రాదు. కేంద్రం అలా కాదు, అక్కడ వాడిన నీటినే మళ్లీ వాడాలి. ఆ నీటి యంత్రానికి చెందిన పిల్ల ప్లాంటు ఒకటి, చెప్పుల పెట్టె అంతదైనా సరే, ఇప్పటి నుంచే పోయెమ్ మీద, మనుషులు లేని గగన్‌యాన్ ప్రయాణాల్లో వెళ్తూ ఉండాలి. మనుషులు లేకపోతే మూత్రం ఎలా అంటారా? అందులో ఏముంటుందో ఇప్పుడు ప్రపంచానికి తెలుసు. కొలతకు కాల్షియం కలిపిన నీళ్లు పంపండి. గాలి, నీరు కలిసిన మిశ్రమాన్ని పంపండి, పైన అనేది లేని చోట అవి ఎలా విడిపోతాయో చూడండి. పోయెమ్-4 డిసెంబరు 30న వెళ్లి ఏప్రిల్ 4న తిరిగి వాతావరణంలోకి వచ్చింది. మూడు నెలలు దాటింది. మూడు నెలలు గార పట్టడానికి చాలకపోవచ్చు, మొదటి తెల్లటి చుక్క పడటానికి చాలు. మెంబ్రేను చివర ఆ చుక్క కనిపిస్తే మిగతాది నాలాంటివాడు కూడా చెప్పగలడు.

ఇలా చేస్తే ఖర్చు పెరుగుతుంది, ఆలస్యం అవుతుంది అంటారు. నాకూ అంటారు. "పద్నాలుగు రోజులు ఎందుకండీ, నీళ్ల రిపోర్టు ఉంది కదా, పని మొదలుపెట్టండి" అని ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు అంటారు. నేను వాళ్లతో వాదించను. జేబులో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. 2011లో ఆ మెంబ్రేను కోసినప్పుడు రాలిన గారను అందులో దాచాను. మూత తీసి వాళ్ల అరచేతిలో పోస్తాను, వేళ్ల మధ్య నలిపి చూడమంటాను. మేనకోడలు దానికి పేరు కూడా పెట్టింది గానీ, ఆ పేరు ఇక్కడ రాయవద్దని మాట తీసుకుంది.

రేపు తెల్లవారుజామున పిల్ల ప్లాంటును పిడుగురాళ్ల దాటాక ఒక ఊరికి తీసుకెళ్తున్నాం. బడి వెనక బోరు. సర్పంచిగారు కరెంటు పాయింటు ఇప్పించారు. ఈసారి పద్నాలుగు రోజులు కాదు, వానాకాలం కూడా చూసేదాకా అక్కడే ఉంచుదామని ఒప్పించాను. సెలవులున్నన్నాళ్లూ మేనకోడలే వచ్చి రీడింగులు రాస్తానంది. పుస్తకానికి అట్ట వేసి మొదటి పేజీలో గళ్లు గీసింది: తేదీ, టీడీఎస్, లోపలి ప్రెషరు, బయటి ప్రెషరు, మంచినీరు, రిజెక్టు. చివర ఒక గడి ఖాళీగా వదిలేసింది. అదెందుకు అని అడిగితే, "మనం అనుకోనిది ఏదైనా కనిపిస్తే రాయడానికి" అంది.